సిస్టర్ ఫోటోకు దండ

03-02-2025, సోమవారం

ఈ రోజు సినిమావాళ్ళు దిగారు. ఒక టెంపో, మూడు బైకులు, పద్నాలుగు మంది. డాక్టరు గారి అబ్బాయి బెంగళూరు నుంచి ముందే ఫోన్ చేశాడు. పెనుకొండ నర్సింగ్ హోమ్ ఇరవై రోజులు వాళ్ళకు ఇచ్చాను, తాళాలు తీసి వాళ్ళ పక్కనే ఉండు అన్నాడు. ఆస్పత్రి మూతపడి ఆరేళ్ళు. డాక్టరు గారు పోయి నాలుగేళ్ళు. వెనక గదిలో నేనొక్కడినే ఉంటున్నాను కాబట్టి తాళాలు నా దగ్గరే ఉంటాయి.

రోజూ రాసినట్టే రాస్తున్నాను. కరెంటు మీటరు 41862. మంచాలు పదకొండు. సెలైన్ స్టాండ్లు ఏడు. స్ట్రెచర్లు రెండు, ఒకదానికి చక్రం లేదు. కత్తెరలు, పట్టకార్లు కలిపి ముప్పై నాలుగు. లెక్కపెట్టి ఫయాజ్ చేత సంతకం పెట్టించుకున్నాను.

ఫయాజ్ డైరెక్టరు. హిందూపురంలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఉంది. ముప్పై ఏళ్ళు ఉండవచ్చు. సంతకం పెడుతూ, "ఏమన్నా, దెయ్యం ఒగ కత్తెర ఎత్తకపోతే నేనే తెచ్చియ్యల్లనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను సంతకం కింద తేదీ వేశాను.

వరండాలో కొబ్బరికాయ కొట్టారు. గదులన్నీ తిరిగి చూశారు. నాలుగో నంబరు గది తాళంచెవి పోయిందని చెప్పాను.

04-02-2025, మంగళవారం

మీటరు 41879. నాలుగో నంబరు గది గురించి ఫయాజ్ రెండుసార్లు అడిగాడు. పదకొండు మంచాల ఆస్పత్రిలో ఒక్క గది కోసం రెండుసార్లు ఎందుకు అడగాలి?

05-02-2025, బుధవారం

అడగకూడదనుకుంటూనే కథ ఏమిటని అడిగాను. ఫయాజ్ ఉత్సాహంగా చెప్పాడు. ఒక సిస్టరు పేషెంటుకు తప్పు ఇంజెక్షన్ వేస్తుంది. పేషెంటు చనిపోతుంది. ఊరంతా తిడితే సిస్టరు ఉరేసుకుంటుంది. తరువాత దెయ్యమై వచ్చి ఆస్పత్రిలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే కత్తెరతో, సూదితో చంపుతుంది.

"మొత్తం తొమ్మిది సావులన్నా. ఒగటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు."

దెయ్యం పేరు జ్యోతి. జ్యోతి సిస్టర్.

ఆ పేరు నీకు ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవురు చెప్పల్లన్నా? జ్యోతి అంటే దీపం. దీపం ఆరిపోతాది, మళ్ళా దానంతట అదే అంటుకుంటాది. షాటు బాగుంటాది."

నేను నమ్మలేదు. పెనుకొండలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2014లో పేపరులో కూడా చిన్నగా వచ్చింది. దాన్ని ఇక్కడ రాయవలసిన పని లేదు. ఆ పేషెంటు చనిపోయినప్పుడు నేను స్టోర్ రూములో మందుల పెట్టెలు విప్పుతున్నాను. డాక్టరు గారు అడిగితే రిజిస్టరులో ఉన్నదే చెప్పాను.

06-02-2025, గురువారం

వీళ్ళు రాత్రిపూట పని చేయరు. లైట్లు తక్కువ, తిరిగి హిందూపురం పోవాలి. కిటికీలకు నల్ల కంబళ్ళు కట్టి పగలే రాత్రి చేస్తారు. బయట ఎండ, లోపల అమావాస్య. రక్తం బీట్‌రూటు, చక్కెర పాకం, కొంచెం కాఫీ పొడి కలిపి వరండాలోనే కాచారు. మధ్యాహ్నానికి మూడో నంబరు గదిలో శవం మీద చీమలు. శవం గోక్కుంది. మళ్ళీ తీశారు.

మేకప్ చేసేది ఈరక్క. హిందూపురంలో బ్యూటీ పార్లరు ఉంది, యాభై దాటిన మనిషి. దెయ్యం వేషం కావ్య అనే అమ్మాయిది. డిగ్రీ చదువుతోంది. తెల్ల డ్రెస్సు, తెల్ల కళ్ళు, నోటినిండా రక్తంతో మెట్ల మీద కూర్చొని పులిహోర తిన్నది.

"ఏయ్ కావ్యా, పెదవులు నాకద్దు. మళ్ళా పుయ్యల్ల."

"తియ్యగా ఉండాదక్కా."

"ఉండక? పావు కేజీ చక్కెర పోస్తిని. మా ఇంట్లో పాయసానికి గూడా అంత పొయ్యను."

వీళ్ళకు ఒక పద్ధతి ఉంది. చచ్చినట్టు నటించినవాడు మంచం దిగేముందు కెమెరావైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు కూడా తీస్తారు. సినిమాలో పెట్టరు, ఊరికే తీసి ఉంచుతారు. నవ్వకుండా పోతే ఆ చావు వెంట వస్తుందట. ఫయాజ్ మిగతా వాటికి తొందరపడతాడు, దీనికి మాత్రం తొందరపడడు. శవం సరిగ్గా నవ్వేదాకా లైటు తీయనివ్వలేదు.

08-02-2025, శనివారం

ఆఫీసు గదిలో పాత ఫోటో దొరికిందట. పంద్రాగస్టున జెండా కింద స్టాఫంతా నిలబడి తీయించుకున్నది. డాక్టరు గారు, ఆయా, నేను, చివర సిస్టరు నాగజ్యోతి. ఫయాజ్ దాన్ని నా దగ్గరకు తెచ్చాడు.

"అన్నా, గోడకు సిస్టరు ఫోటో ఒగటి కావల్ల. దండేసి, కుంకుమ పెట్టి. ఈయమ్మ మొకం బాగుండాది. ఎవురు ఈమె?"

"ఇక్కడ పనిచేసింది."

"ఇప్పుడు యాడుండాది?"

"చనిపోయింది" అన్నాను.

"అట్లయితే మంచిదే. మంచిది అంటే అది కాదులే. బతికుండే మనిషి ఫోటోకు దండ వేసేది మా దగ్గర లేదన్నా. తెలియక వేసినామా, చివరి రోజు ఆ మనిషే వచ్చి కెమెరా ముందర నగల్ల. లేకపోతే గుమ్మడికాయ కొట్టేది లేదు. ఇంట్లోవాళ్ళు ఏమన్నా అంటారా?"

"ఎవరూ లేరు."

ఎందుకు అలా అన్నానంటే, ఉంది అంటే ఎక్కడ అంటాడు. అడ్రసు అంటాడు. అక్కడికి పోతే ఆమె ఏదో ఒకటి చెబుతుంది. లేని మనిషి దగ్గరకు ఎవరూ పోరు. ఆమె ధర్మవరంలో ఉందని నేను విన్నది కూడా పాత మాట. ఇప్పుడు నిజంగా ఉందో లేదో నాకేం తెలుసు.

మీటరు చూడటం మర్చిపోయాను.

09-02-2025, ఆదివారం

ఫోటోను పెద్దది చేయించి తెచ్చారు. హాలులో గోడకు తగిలించారు. చామంతి దండ. మా అందరినీ కత్తిరించేసి ఆమెను ఒక్కదాన్నే ఉంచారు. పక్కన నా భుజం కొంచెం మిగిలింది.

11-02-2025, మంగళవారం

ఈ రోజు పేషెంట్ల వేషానికి బయటి మనుషులు వచ్చారు. వాళ్ళలో నాగరాజు అనే అతను ఎర్రమంచి నుంచి. కార్ల ఫ్యాక్టరీలో పని. నలభై ఏళ్ళు. ఎర్రమంచి అనగానే నేను లోపలికి పోయాను. 2014లో చనిపోయిన ఆ పేషెంటు ఊరు అదే. ఆమె భర్తను నేను ఒక్కసారి చూశాను, వరండాలో గోడకు తల కొట్టుకుంటుంటే. ముఖం గుర్తు లేదు.

నాగరాజు పొద్దంతా నన్నే చూశాడు. నేను స్టోరుకు పోతే స్టోరు దగ్గర ఉన్నాడు. బావి దగ్గరకు పోతే అక్కడ ఉన్నాడు. ఏదో అడగబోయి ఆగిపోయాడు.

ఇదంతా కలిపి చూస్తే ఒకటే కనబడుతోంది. కథ అదే, పేరు అదే, ఊరు అదే. సినిమా పేరు చెప్పి ఎవరో ఈ ఆస్పత్రిని తవ్వుతున్నారు.

12-02-2025, బుధవారం

నాగరాజును నేనే పిలిచి అడిగాను, ఏం కావాలని.

"ఏమీ లేదన్నా. అడగల్లంటే సిగ్గు. పేషెంట్లకు అన్నం పెడతారా, మేమే తెచ్చుకోవల్లనా? ఆ ఫయాజ్‌ను అడిగితే, సచ్చినోళ్ళకు అన్నమేంటికప్పా అంటాండాడు."

అతను బెళుగుప్ప నుంచి వచ్చినవాడు. ఫ్యాక్టరీ కోసం ఎర్రమంచిలో అద్దెకుండి మూడేళ్ళే అయింది. అయినా సరే.

నాలుగో నంబరు తాళం కోస్తామని మనిషిని తెచ్చారు. తాళంచెవి దొరికిందని చెప్పి నేనే తీశాను. పదేళ్ళ తరువాత ఆ గదిలో అడుగు పెట్టాను. మంచం కిటికీవైపే ఉంది.

14-02-2025, శుక్రవారం

కాంపౌండరు వేషం కట్టవలసినవాడు రాలేదు. ఫయాజ్ నా మీద పడ్డాడు.

"నువ్వు నిజం కాంపౌండరువే కదన్నా. వేషం గూడా అక్కరలేదు. అట్లే వచ్చి నిలబడు."

నేను కాంపౌండరు పరీక్ష ఏదీ రాయలేదు. ఐదో తరగతి. మందుల డబ్బాల్లో వచ్చే కాగితాలు చదివి అక్షరాలు కుదురు చేసుకున్నాను. చూసి చూసి పని నేర్చుకున్నాను. నా రాత ముత్యాల్లా ఉంటుందని డాక్టరు గారే రిజిస్టర్లన్నీ నాకు అప్పగించారు. ఇది ఫయాజ్‌కు చెప్పలేదు. వద్దన్నాను. ఈరక్క అప్పటికే మొహానికి పౌడరు రాస్తోంది.

షాటు నాలుగో నంబరులో. నేను మంచం పక్కన నిలబడాలి. కావ్య తలుపులో నుంచి సూది ఎత్తుకొని రావాలి. సూదికి ముల్లు లేదు, ప్లాస్టిక్కే. రాసిన డైలాగు లేదు. "దెయ్యం వచ్చి అడిగితే ఏమంటావో అదే అనన్నా. నీకు తోచింది" అన్నాడు ఫయాజ్.

మొదటిసారి నోరు రాలేదు. రెండోసారి కావ్య దగ్గరదాకా వచ్చి, "ఇంజెక్షన్ వేసింది ఎవురు?" అన్నది. గొంతు మార్చి అన్నది. తెల్ల డ్రెస్సు, జేబుకు పెన్ను. నేను చూస్తున్నాను. నా నోటి నుంచి మాట వచ్చింది.

"సిస్టరును ఏమీ అనాకండి. ఆయమ్మ ఈడ లేనే లేదు. వేసింది నేను. టెస్టు డోసు వెయ్యలే."

కావ్య నా మెడలో గుచ్చింది. నేను పడ్డాను.

"కట్! ఏమన్నా ఇది! ఇంత ట్విస్టు నా బుర్రకు తట్టలేదే! ఇంక కథే మార్చేస్తా. సిస్టరు మంచిది, కాంపౌండరే దొంగ!"

అందరూ చప్పట్లు కొట్టారు. నటన అని చెప్పాను. నటనే. ఆ లైటులో ఆ పిల్ల ముఖం చూసి నోటికొచ్చిన మాట.

తరువాత మంచం మీద పడుకోబెట్టి నవ్వమన్నారు. చాలాసేపు చూశారు. ఈరక్క అరికాలికి గిలిగింతలు పెట్టింది. రాలేదు. రేపు నగుదువులే అన్నాడు ఫయాజ్, కానీ అతని ముఖం బాగాలేదు.

15-02-2025, శనివారం

ఈ రోజు కూడా నవ్వలేదు. పని ఉందని తప్పించుకున్నాను.

ఈరక్క బావి దగ్గరకు వచ్చింది.

"టెస్టు డోసు అనే మాట ఫయాజ్ చెప్పిన్యాడా నీకు?"

"లేదు."

"మరి యాడ్నుంచి వచ్చె?"

"మందు పడుతుందో లేదో ముందు కొంచెం వేసి చూసేది. ఆస్పత్రిలో పనిచేసినవాడిని. రాదా?"

"వస్తాది లే" అన్నది. చేతులు కడుక్కుంది. పోలేదు. "ఆ ఫోటోలో సిస్టరు మీద ఏదో నింద పడిందని మా పార్లరుకు వచ్చేవాళ్ళు అప్పట్లో చెప్పుకుంటా ఉండ్రి. ఆ నింద నిజమేనా అన్నా?"

రిజిస్టరులో అలాగే ఉంది అన్నాను.

రిజిస్టరులో అలాగే ఉంది. అది అబద్ధం కాదు. రిజిస్టరు రాసేది నేను. అంతకంటే ఈరక్కకు చెప్పవలసింది లేదు.

17-02-2025, సోమవారం

పోస్టరు వచ్చింది. సినిమా పేరు "సిస్టర్ వస్తాంది". నాగజ్యోతి ముఖం నిండుగా వేశారు. కళ్ళు తెల్లగా చేశారు. నోటి నుంచి రక్తం. కింద హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కుర్రాళ్ళ సినిమా అని రాశారు. అందరి ఫోన్లలో స్టేటస్ పెట్టారు. సాయంత్రానికి పెనుకొండ బస్టాండు టీకొట్టులో కూడా అతికించారట.

ఆమె అలా ఎప్పుడూ చూడలేదు ఎవరినీ.

ఫయాజ్‌ను పక్కకు పిలిచి అడిగేశాను. ఈ కథ నీకు ఎవరు చెప్పారు, నిజం చెప్పు అని.

"ఎవురు చెప్పినారంటే ఏం చెప్పల్లన్నా! నేను మొదట బస్టాండు దెయ్యం అనుకొన్యా. కండక్టరు దెయ్యం. బస్టాండులో తీసుకోనీకి పర్మిషన్ ఇయ్యలే. మీ ఆస్పత్రి దొరికె. కండక్టరును సిస్టరు చేస్తి, టికెట్టు మిషన్‌ను సూది చేస్తి. అంతే కథ."

పదిహేను రోజులుగా నేను చూసినదంతా ఇదేనా? ఈరక్క విన్న పుకారు తప్ప ఎవరికీ ఏమీ తెలియదా? అలా అయితే ఈ ఆస్పత్రిలో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

అయినా ఫయాజ్ తెలివైనవాడు. అబద్ధం కూడా నవ్వు వచ్చేలా చెప్పగలడు.

18-02-2025, మంగళవారం

ఈరక్క చెల్లెలు ధర్మవరంలో ఉందట. పోస్టరు చూసి ఫోన్ చేసింది. ఈరక్క అందరి ముందూ స్పీకరు పెట్టింది.

"అక్కా, ఈమె మా వీధిలోనే ఉండాది కదే! నిన్న గూడా ఉల్లిగడ్డలు బేరం చేస్తాండె. సచ్చిపోయిందంటారేంటికి?"

ఫయాజ్ నా వైపు తిరిగాడు. అతను కోపంగా లేడు. భయపడ్డాడు.

"అన్నా, ఒగటే మాట చెప్పు. ఉండాదా, లేదా?"

"పోలిక ఉంటుంది" అన్నాను. "చనిపోయిందనే విన్నాను."

"బతికుండే ఆడమనిషి ఫోటోకు నా చేత్తో దండేసినానంటే మా అమ్మ నఫీసా నన్ను ఇంట్లోకి రానీదు. నేను పోతా ధర్మవరం. కాళ్ళు పట్టుకొనైనా పిలుచుకొస్తా."

నువ్వు వద్దు, నేను పోతాను అన్నాను. అతను పోతే, ఆమె చనిపోయిందని ఎవరు చెప్పారని ఆమె అడుగుతుంది. నేను పోతే ఆ మాట రాదు.

19-02-2025, బుధవారం

మీటరు 42117. పోలేదు. నడుము నొప్పి.

20-02-2025, గురువారం

పొద్దున రైలుకు ధర్మవరం పోయాను. ఈరక్క చెల్లెలు వీధి చివరదాకా వచ్చి ఇల్లు చూపించింది. ఒకటే గది. నాగజ్యోతి గుమ్మంలో కూర్చొని పట్టు నూలు చుడుతోంది. నన్ను చూసి రాట్నం ఆపింది. గుర్తుపట్టదేమో అనుకున్నాను.

"రామచంద్రన్నా! రా, కూకో. నీకు గూడా తెల్ల ఎంటికలు వచ్చె కదన్నా."

కూర్చున్నాను. ఆమె ఫోను తెరిచి నా ముందు పెట్టింది. పోస్టరు.

"చూసినావా, నన్ను దెయ్యం చేసిపెట్టినారు. పొద్దన పాలు పోసేయమ్మ నన్ను చూసి చెంబు కింద పెట్టి పరుగో పరుగు. మా పాప ఇస్కూలుకు పోనంటాంది. పిల్లోళ్ళు అడుగుతాండారంట, మీయమ్మ కాళ్ళు ఎనక్కు తిరిగి ఉంటాయా అని."

వాళ్ళు పొరపాటు పడ్డారని చెప్పాను. వాళ్ళు అన్నాను. వాళ్ళ పద్ధతి చెప్పాను. శనివారం వచ్చి ఒక్కసారి కెమెరా ముందు నవ్వితే దోషం పోతుందట, పోస్టరు తీసేస్తారట అన్నాను.

"నగేదానికి ఏముందిలే, వస్తా. ఒగటి అడుగుతా, చెప్పన్నా." ఆమె చేతిలోని దారం చూస్తూ మాట్లాడింది. "ఆ పొద్దుకు మూడు డూటీలు వరసగా చేసింటి. కండ్లు మూతలు పడతాండె. రిజిస్టరులో నా పేరుండె. కింద ఎన్.జె. అని నా పొట్టి సంతకం గూడా ఉండె. నాకు వేసినట్టు గుర్తు లేదు. వెయ్యలేదని గూడా గట్టిగా గుర్తు లేదు. నేనే వేసి మర్చిపోయింటానని అనుకొన్యా. పదేండ్లుగా అదే అనుకుంటాండా. మా పాపకు జరమొస్తే మాత్ర చేతికి తీసుకోనీకి భయం. పక్కింటామెను పిలిచి ఇప్పిస్తా. చెప్పన్నా, నువ్వు ఆడనే ఉంటివి కదా. నేను వేసినానా?"

వీధిలో ఎవరో మగ్గం తొక్కుతున్న చప్పుడు.

"పదేళ్ళయింది తల్లీ. నాకూ గుర్తు లేదు."

"అవును లే" అన్నది. "నాకే గుర్తు లేకపోతే నీకేడ ఉంటాది."

కాఫీ పెడతానంటే రైలుకు టైమైందని లేచాను. రైలు ఇంకో గంటన్నరకు. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను.

21-02-2025, శుక్రవారం

నాకు గుర్తు ఉంది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటున్నదీ గుర్తు ఉంది.

22-02-2025, శనివారం

ఆమె పదకొండు గంటలకు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. ఫయాజ్ గేటు దగ్గరే కాళ్ళ మీద పడబోయాడు. "లెయ్ నాయనా, నేనింకా సావలేదు. కాళ్ళు ముందరికే ఉండాయి, చూసుకో" అన్నది. అందరూ నవ్వారు. కావ్య వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. దెయ్యం వేషంలో ఉన్న పిల్లను ఆమె తేరిపార చూసి, టోపీ పిన్ను తప్పు పెట్టుకున్నావని సరిచేసింది.

హాలులో ఫోటో ముందు కుర్చీ వేశారు. కంబళ్ళు విప్పేశారు. లైటు కుదిరేలోపల ఫయాజ్ ఊరుకోలేదు. మంచివాడు. ఆమెను సంతోషపెట్టాలనుకున్నాడు.

"అమ్మా, మీ అన్న ఎంత బాగా చేసినాడో చూడు. ఇంక సినిమాలో సిస్టరు మంచిదే. ఈయన మాటతోనే కథ మార్చినా."

లాప్‌టాప్ తెరిచి నా షాటు వేశాడు. నేను ఆపలేకపోయాను. నా గొంతు నాకే వినబడింది. సిస్టరును ఏమీ అనాకండి. ఆయమ్మ ఈడ లేనే లేదు. వేసింది నేను. టెస్టు డోసు వెయ్యలే.

ఇంకోసారి వెయ్యమన్నది ఆమె. వేశాడు. చూసింది. నా వైపు తిరిగింది.

"అన్నా. ఇది కథా, నిజమా?"

కథ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అందరూ దాన్ని నటన అనే నమ్మారు. ఫయాజ్ నమ్మాడు, కావ్య నమ్మింది. ఆమె కూడా నమ్మేది. మళ్ళీ ధర్మవరం పోయి, పాపకు మాత్ర ఇవ్వడానికి పక్కింటామెను పిలిచేది.

"నిజం" అన్నాను.

ఈరక్క పౌడరు డబ్బా మూత పెట్టింది.

"నేను నమ్మేదెట్లా?" అన్నది నాగజ్యోతి. "మొన్న గుర్తు లేదంటివి. ఈ పొద్దు నిజమంటావు. నా మీద జాలిపడి అంటాండావేమో."

అప్పుడు చెప్పాను. ఆ పొద్దు నువ్వు తెచ్చుకున్నది బొరుగుల ఉగ్గాని. పొద్దున తినడానికి వీలు కాలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు క్యారియర్ తెరిస్తే మెత్తబడిపోయింది. పిట్టగోడ మీద కూర్చొని, దీనికంటే మా ఊరి కుడితి నయం అని ఆయాతో అన్నావు. ఆయా నీకు రెండు మిరపకాయ బజ్జీలు పెట్టింది. వెనక కిటికీ నుంచి నాకు వినబడింది. నేను నాలుగో నంబరులోనే ఉన్నాను. నా చేతిలో సూది ఉంది.

ఆమె కుర్చీ పట్టుకుంది.

"బజ్జీలు" అన్నది. "అవునన్నా. ఒగ బజ్జీలో ఉప్పే లేదు."

కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. కావ్య పక్కన కూర్చుంటే ఆ పిల్ల భుజం మీద తల ఆనించింది. తెల్ల డ్రెస్సుకు బీట్‌రూటు అంటి ఆమె చెంపకు అంటుకుంది. ఎవరూ నవ్వమని అడగలేదు. ఫయాజ్ స్టూలు ఎక్కి దండ తీశాడు, ఫోటో దించి, తుడిచి ఆమెకు ఇచ్చాడు. తరువాత నా దగ్గరకు వచ్చి మెల్లగా, "అన్నా, కెమెరా ఆన్‌లోనే ఉండె. అంతా పడింది. తీసెయ్యమంటే తీసేస్తా" అన్నాడు.

ఉంచమన్నాను.

23-02-2025, ఆదివారం

సినిమావాళ్ళు గుమ్మడికాయ కొట్టకుండానే సామాను సర్దుకున్నారు. కత్తెరలు, పట్టకార్లు ముప్పై నాలుగూ ఉన్నాయి.

నిన్న పోయేముందు నాగజ్యోతి గేటు దగ్గర ఆగింది.

"నోటి మాట నాకొద్దన్నా. ఆ పొద్దు అందురూ నమ్మింది నీ రాతనే కదా. ఆ రాతతోనే రాసియ్యి. ఎర్రమంచికి తీసుకపోవల్ల. వాళ్ళు పదేండ్లుగా నన్నే తిట్టుకుంటాండారు. నువ్వూ రావల్ల. వాళ్ళు ఏమన్నా పడల్ల. ఆడ్నుంచి పోలీసు స్టేషనుకు పోతారో, యాడికి పోతారో, అది వాళ్ళ ఇష్టం."

సరే అన్నాను. డాక్టరు గారి అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. మా నాయనకు తెలుసా అన్నాడు. తెలియదు, ఆయన నన్ను అడిగారు, నేను సిస్టరు పేరు చెప్పాను, ఆయన నమ్మారు అన్నాను. నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నాడు.

పొద్దున నుంచి రాస్తున్నాను. మొదటి కాగితంలో అనుకోకుండా అనే మాట వచ్చింది. చించేశాను. రెండో దానిలో డాక్టరు గారు లేని సమయంలో అని వచ్చింది. అదీ చించేశాను. మూడోది ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను. రేపు ఏడు గంటలకు ఆమె రైలు దిగుతుంది.

18-9-2014, గురువారం. నాలుగో నంబరు గది. పేషెంటు పేరు గంగరత్న, వయసు 23, ఊరు ఎర్రమంచి. కాన్పయిన రెండో రోజు, ఆడబిడ్డ. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఇంజెక్షన్ వేసింది రామచంద్ర. వేసే అర్హత లేదు. టెస్టు డోసు వేయలేదు. రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకు ప్రాణం పోయింది. సిస్టరు నాగజ్యోతి ఆ గదిలో లేదు. మూడు డ్యూటీలు చేసింది, అన్నం తిని రా తల్లీ, నేను చూసుకుంటాను అని నేనే పంపాను. ఆమె చేయి కడుక్కొని వచ్చేలోపల రిజిస్టరులో ఆమె పేరు రాసి, కింద ఎన్.జె. అని సంతకం కూడా నేనే పెట్టాను.